గ్రీజు కోడలు, నూనె మామ

ఝపటాపూర్‌లో సింహాచలమ్మ ఇల్లెక్కడని అడిగితే, ఏ సింహాచలమ్మ అని ఎదురడుగుతారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో రైలు పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లో పాతుకుపోయిన కుటుంబాల్లో ఆ పేరు లేని వీధి లేదు. గ్రీజు సింహాచలమ్మ అంటే మాత్రం మలుపులో పాన్ కట్టే బెంగాలీ దాదా కూడా తలెత్తి, ఆకు పట్టుకున్న చేత్తోనే దారి చూపిస్తాడు. ఆ పేరు ఎవరో వెటకారానికి పెట్టిందే. ఆవిడ దాన్ని బిరుదు చేసుకుంది.

రైల్వే వర్క్‌షాపులో పనిచేసే భర్త జబ్బు చేసి పోతే, ఆయన బదులు ఆవిడని ఖలాసీగా, అంటే కింది మెట్టు కూలీగా, తీసుకున్నారు. చదువు అంతంతమాత్రం. ఏ ఆఫీసులోనో నీళ్ళందించే పని చెప్తారనుకుంది. తీసుకెళ్ళి రోలర్ బేరింగ్ సెక్షన్‌లో పడేశారు. రైలు చక్రం సాఫీగా తిరగాలంటే ఇరుసు చివర బేరింగ్ ఉండాలి, ఆ బేరింగ్‌కి కడుపు నిండా గ్రీజు పెట్టాలి. సెక్షన్ పని అదే. మొదట్లో అక్కడి మగాళ్ళు ఆవిడ చేతికి కిరసనాయిలు బకెట్టు ఇచ్చి పాత బేరింగులు కడగమన్నారు. కడిగింది. కడుగుతూ కడుగుతూనే ఏది ఎక్కడ కాలిందో, ఏది ఎందుకు గీసుకుపోయిందో చూసి చెప్పడం నేర్చుకుంది. గ్రీజు పెట్టే పని చేతికి వచ్చాక ఇక ఆవిడని పట్టుకునేవాళ్ళు లేకపోయారు. గ్రీజు గన్నుతో నాలుగుసార్లు కొట్టి చేతులు దులుపుకునే రకం కాదు. బొటనవేలితో రోలర్ల సందుల్లోకి ఒత్తి, అవతలి వైపు నుంచి గ్రీజు తొంగిచూసేదాకా వదిలేది కాదు. సర్వీసు మొత్తంలో ఆవిడ చేయి పడిన ఇరుసు ఒక్కటి కూడా దారిలో కాలి వెనక్కి రాలేదు. ఈ మాట ఆవిడే చెప్తుంది, అడిగినా అడక్కపోయినా. అబద్ధం అయితే కాదు.

ఖలాసీగా చేరిన మనిషి మిస్త్రీగా, పై మెట్టు పనివాళ్ళలో ఒకరిగా, రిటైరైంది. ఆ రోజు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టబోతే, గడియారం ఇంట్లో ఉంది, ఒక మంచి గ్రీజు గన్ను ఇప్పించండని అడిగింది. సెక్షన్ అంతా పగలబడి నవ్వి, గోల్ బజార్ వెళ్ళి కొత్త గన్ను కొనుక్కొచ్చారు. విశ్వకర్మ పూజ రోజున దానికి బొట్టు పెట్టి, పూలు చుట్టి, దేవుడి పటం పక్కనే నిలబెడుతుంది. ఇంట్లో దానికున్న మర్యాద మనుషులకు లేదని మామ ఎర్రయ్య సణుగుతూ ఉంటాడు.

ఎర్రయ్య ఆవిడకి మామ ఒక్కటే కాదు, సొంత మేనమామ. చెల్లెలి కూతుర్ని కొడుక్కి చేసుకున్నాడు. కొడుకు పోయాక మామా కోడలూ ఒకరికొకరు మిగిలారు. ఒకరంటే ఒకరికి ప్రాణం, కాకపోతే ఆ సంగతి చచ్చినా ఒప్పుకోరు. ఇద్దరి మధ్యా ఉన్న గొడవ ఒక్కటే.

ఎర్రయ్య నిమ్‌పురా యార్డులో నూనె పోసే మనిషి. ఆ రోజుల్లో గూడ్సు పెట్టెలకి రోలర్ బేరింగులు ఎక్కడివి? ఇరుసు చివర ఇనుప డబ్బా, అందులో నూనెలో నానబెట్టిన దూది పీచు, అంతే. బండి వచ్చి ఆగిందంటే పొడుగు మూతి నూనె డబ్బా పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేవాడు. ప్రతి డబ్బా మూత ఎత్తి, పీచు కదిపి, నూనె పోసి, పైన చెయ్యి తిరగేసి ఆనించి చూసేవాడు. వేడి తగిలిందా, ఆ పెట్టె కదలడానికి వీల్లేదు. గార్డూ డ్రైవరూ ఎంత తొందరపడ్డా సరే, ఎర్రయ్య వద్దన్న పెట్టెని విడదీసి పక్కన పెట్టాల్సిందే. తర్వాత అన్ని పెట్టెలకీ బేరింగులు వచ్చేశాయి. నూనె డబ్బా మూలన పడింది. చివరి రోజుల్లో ఎర్రయ్యని గేటు దగ్గర కూర్చోబెట్టారు. మామ పని పోగొట్టిన గ్రీజే కోడలికి అన్నం పెట్టింది. ఇక గొడవకి వేరే కారణం ఎందుకు?

ఇంట్లో తలుపు కిర్రుమంటే చాలు రెండు పార్టీలు లేచేవి. ఎర్రయ్య దూదితో ఆవనూనె తీసుకొచ్చేసరికి ఆవిడ వేలి మీద గ్రీజుతో సిద్ధంగా ఉండేది. ఆవిడ గ్రీజుని ఆయన బంక అంటాడు. ఆయన నూనెని ఆవిడ కారుడు జబ్బు అంటుంది. కుట్టుమిషను దగ్గర ఆయన గెలిచాడు, గేటు బందుల దగ్గర ఆవిడ గెలిచింది. సీలింగ్ ఫ్యాను సంగతి ఇప్పటికీ తేలలేదు.

ఇలా ఉండగా వాళ్ళ జీవితంలోకి హెరాల్డు వచ్చింది.

అది వీధి చివర ఇంట్లో ఉండే విల్‌ఫ్రెడ్ గారి కారు. విల్‌ఫ్రెడ్ గారు మెయిల్ బండ్ల మీద గార్డుగా చేసి రిటైరైన మనిషి. వాళ్ళ తాతగారు కాకినాడ నుంచి వచ్చారు. బదిలీ అయిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర వయసులో ఉన్నప్పుడు ఆయన ఈ స్టాండర్డ్ హెరాల్డు కొన్నారు. మద్రాసులో తయారైన బండి, లేత ఆకుపచ్చ రంగు. దాని వేషాలు అన్నీ ఇన్నీ కావు. లోకంలో కార్లకి బానెట్టు బందులు అద్దం వైపు ఉంటే, దీనికి ముందు ముక్కు దగ్గర పెట్టారు. రెండు పక్కలా చక్రాల వెనక ఉన్న కొక్కేలు తీసి ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందుభాగం మొత్తం ముందుకి వాలిపోతుంది. ఇంజను, చక్రాలు అన్నీ బయటపడతాయి. అప్పుడు ముందు టైరు మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చుని పని చేసుకోవచ్చు. పెట్రోలు అయిపోతే, అడుగున దాచిన ఇంకొంచెం పెట్రోలుని వదిలే మీట డిక్కీలో ఉంటుంది. దారి మధ్యలో దిగి, డిక్కీ తెరిచి, ట్యాంకు మీద దాన్ని తిప్పి రావాలి. ఎడమ తలుపు కొంచెం పైకెత్తి వేస్తే తప్ప పడదు. ఇన్ని వంకరలున్నా ఒక్క గుణం ఉంది: మేకపిల్లలా ఉన్నచోటే తిరిగేస్తుంది. ఆటో రెండుసార్లు వెనక్కి తీసుకునే సందులో హెరాల్డు ఒక్క తిప్పుతో బయటపడుతుంది.

విల్‌ఫ్రెడ్ గారి చూపు మందగించి, డాక్టర్లు ఇక డ్రైవింగ్ కుదరదన్నారు. ఆదివారం తెలుగు చర్చికి టోటోలో, ఆ బ్యాటరీ రిక్షాలో, వెళ్ళడం ఆయనకి తలవంపులుగా ఉండేది. కారుని షెడ్డులోంచి చూస్తూ, గుడ్డతో తుడుస్తూ ఉండేవారు. అది చూడలేక సింహాచలమ్మ ఒకరోజు వెళ్ళి, గార్డు బాబూ, నాకు నేర్పించండి, నేను తీసుకెళ్తానంది. రిటైరైన ఆడమనిషి, ఆ వీధిలో ఆడవాళ్ళెవరూ స్కూటీ తప్ప ఇంకేదీ నడిపి ఎరగరు. ఆయన పక్క సీట్లో కూర్చుని రైల్వే గ్రౌండులో నేర్పించారు. లైసెన్సు వచ్చిన రోజున ఆవిడ వీధి వీధంతా మిఠాయి పంచింది. మర్నాడు ఆదివారం విల్‌ఫ్రెడ్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని, కొంగు నడుముకి బిగించి, హారన్ కొట్టుకుంటూ పాన్‌షాపు ముందు నుంచి వెళ్తుంటే దాదా లేచి నిలబడ్డాడు. అది ఆవిడ ఎప్పటికీ మర్చిపోదు.

బండి చేతికి వచ్చాక దాన్ని బాగుచేసే పూచీ కూడా తనదే అనుకుంది. అంతకుముందు శామ్ అనే మెకానిక్కు చూసేవాడు. అతను కాలం చేశాడు. షెడ్డులోకి వెళ్ళగానే ఆవిడ కళ్ళకి మొదట కనబడింది ముందు చక్రాల కింద సిమెంటు గచ్చు మీద నూనె చుక్కలు. రెండు వైపులా. అది చూసి ఆవిడ ముఖం చిట్లించింది. రోలర్ బేరింగ్ సెక్షన్ వాళ్ళకి చమురు కారడం కంటే పరువు తక్కువ ఇంకోటి లేదు. కారిందంటే సీలు పోయినట్టు, పని చేతకానట్టు. టైరు మీద కూర్చుని వెతికితే, చక్రాన్ని పట్టుకుని నిలబెట్టే ఉక్కు కడ్డీ కింది చివర ఒక ఇత్తడి దిమ్మ, దానికి శామ్ బిగించిన నిపుల్, గన్ను మూతి తగిలించే చిన్న బొడిపె. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ కడ్డీ ఇత్తడి దిమ్మలోని మరల్లో అటూ ఇటూ తిరుగుతుంది. నిపుల్ కనబడితే సింహాచలమ్మ చేయి ఊరుకుంటుందా? గన్ను తెచ్చి తగిలిస్తే కుదురుగా పట్టింది. రెండు వైపులా నిండేదాకా కొట్టింది.

నెల తిరిగేసరికి గచ్చు మీద చుక్క లేదు. విల్‌ఫ్రెడ్ గారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది. శామ్ ఇన్నేళ్ళు చెయ్యలేని పని చేసిందని ఆయన మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఇంటికి మోసుకొచ్చి మామ ముందు పెడితే ఆయన చుట్ట నోట్లోంచి తీసి, “కారడం మానేసినాదంటే, తాగడం కూడా మానేసినట్టే” అన్నాడు. అసూయ అనుకుని నవ్వేసింది.

ఏడాది గడిచింది. మెల్లగా స్టీరింగ్ బరువెక్కడం మొదలైంది. మేకపిల్లలా తిరిగే బండి మొండికెత్తింది. మలుపు తిరిగాక చక్రం తనంతట తాను సర్దుకోవడం మానేసింది, రెండు చేతులతో లాగి తిన్నగా పెట్టాల్సి వచ్చేది. సింహాచలమ్మకి తెలిసిన మందు ఒక్కటే. ప్రతి శనివారం ఇంకొంచెం గ్రీజు కొట్టేది. బండి ఇంకొంచెం బిగుసుకునేది.

అప్పుడే బండి పరీక్ష దగ్గరికొచ్చింది. పాత బండ్లని కొన్నేళ్ళకోసారి ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని రాయించుకోవాలి. విల్‌ఫ్రెడ్ గారు తేల్చి చెప్పేశారు. పరీక్ష పాసైతే సరే, తప్పితే మాత్రం ఇక దాన్ని షెడ్డులో శవంలా ఉంచుకోలేను, పాత ఇనుము వాళ్ళని పిలుస్తానన్నారు. సింహాచలమ్మకి గుండెలో రాయి పడింది. బండి పోతే ఆయన ఆదివారం పోతుంది. ఆవిడకి పోయేది ఇంకా పెద్దది. వర్క్‌షాపు గేటు దాటి వచ్చాక తానింకా ఒక పనిమంతురాలినని చెప్పుకోవడానికి ఆ స్టీరింగే మిగిలింది. పైగా చేతిలోకి వచ్చినప్పుడు బాగున్న బండి, తన చేతిలోనే చెడింది. ఆ మాట ఎవరూ అనలేదు. తనకే వినబడుతోంది.

ఎర్రయ్య అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. బండి మలుపు తిరిగేటప్పుడు మూలుగుతున్నాదని ఒకసారి అన్నాడు. నూనె అడుగుతున్నాదని ఇంకోసారి అన్నాడు. ఆవిడ చెవిన వేసుకోలేదు. అదే మాట ఇంకెవరన్నా అనుంటే ఒక్క క్షణం ఆలోచించేదేమో. మామ అన్నాడు కాబట్టి ఆలోచించడానికి మనసొప్పలేదు.

సోమవారం పరీక్ష. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఊరి చివర చౌరంగీ కూడలి దాకా వెళ్ళి లారీల రోడ్డు మీద ఒకసారి నడిపి చూసుకుందామని బండి షెడ్డులోంచి బయటికి తీసింది. వీధిలోకి తిప్పేసరికి ఎదురుగా ఎర్రయ్య. ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తానే మోసుకొచ్చి, బండి ముక్కుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. పది అడుగులు నడిస్తే ఆయాసపడే మనిషి. చేతికర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

సింహాచలమ్మ ఇంజను ఆపి దిగింది. వీధిలో నలుగురూ చూస్తున్నారు. లేవమంది. లేవనన్నాడు. ఎండలో కూర్చుంటే కళ్ళు తిరుగుతాయని కసిరింది. తిరగనీ అన్నాడు.

“లారీల మజ్జిలోకి తీసుకెల్తావేటి దీన్ని? ఆ సక్రం ఇరిగి పక్కకి పడిపోతే నువ్వుండవు, గార్డు బాబుండడు. యార్డులో నేను వద్దన్న పెట్టె ఒక్కటి కదల్లేదు. ఇదీ కదల్దు.”

“గ్రీజు మీద నీకు కోపం మావా. నీ పని తినేసినాదని.”

ఆ మాట నోరు జారింది. ఇన్నేళ్ళలో ఎంత పోట్లాడుకున్నా ఆ ఒక్క మాటా ఆవిడ అనలేదు.

“కోపమే” అన్నాడు ఎర్రయ్య. “కాదని ఎవులన్నారు? కానీ నా కొడుకు పోయినాక ఈ ఇంట్లో పొయ్యి ఎలిగింది గ్రీజుతోనే. అది మర్సిపోయేటంత యెదవని కాదు. తిరిగే దాని గుండెకి గ్రీజే మంచిది, నీ సెయ్యి మంచిది. ఇది గుండ్రంగా తిరిగేది కాదమ్మీ, ఇటు కొంచెం అటు కొంచెం మసులుతాది. అడుగు దాకా జారి దిగేది కావాలి దానికి. నీ బంక గొంతులోనే ఉండిపోయింది. ఇప్పి సూడు. లోపల తడి కనబడితే మల్లీ నీ పనిలో ఏలు పెట్టను.”

అప్పటికి విల్‌ఫ్రెడ్ గారు గేటు పట్టుకుని తడుముకుంటూ వచ్చారు. ఆయనకి గొడవ దేని గురించో అర్థమవడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక నెమ్మదిగా ఒక సంగతి చెప్పారు. శామ్ ఆ ముందు చక్రాల దగ్గర కూర్చుని లేచినప్పుడల్లా అతని చేతులు కుళ్ళిన గుడ్డు కంపు కొట్టేవట, టీ కప్పు కూడా దూరంగా పెట్టి అందించేవారట. దేని కంపో ఆయన ఎన్నడూ అడగలేదు. సింహాచలమ్మ మాత్రం వెంటనే పోల్చుకుంది. గ్రీజుకి ఆ వాసన ఉండదు. లారీల గేరు పెట్టెలో పోసే చిక్కటి నూనెకి ఉంటుంది. చెంప మీద కొట్టినట్టయింది.

సింహాచలమ్మ బండిని చేత్తోనే నెట్టి షెడ్డులో పెట్టింది. చక్రాల వెనక కొక్కేలు తీసి, ముందుభాగం ముందుకి వాల్చి, జాకీ ఎత్తి, చక్రం ఊడదీసింది. ఎర్రయ్య కుర్చీ షెడ్డులోకి మారింది. ఇత్తడి దిమ్మ విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పి చూస్తే, నిపుల్ దగ్గర గ్రీజు ముదురుపాకంలా గడ్డకట్టి ఉంది. దాని కింద మరలు పొడి పొడిగా, మట్టిరంగులో, తుప్పు పట్టి ఉన్నాయి. తడి అన్నది మచ్చుకైనా లేదు. తాను శనివారం శనివారం ప్రేమగా కొట్టిన గ్రీజంతా తలుపు దగ్గరే ఆగిపోయింది, లోపల ఆకలితో మాడిపోతున్నవాళ్ళకి మెతుకు అందలేదు.

సింహాచలమ్మ ఆ ముక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. సిగ్గేసింది. ఎవరి ముందో కాదు, ఆ ఇనుము ముందు. సర్వీసులో ఒక్కటీ వెనక్కి రాలేదని ఊరంతా చెప్పుకున్న మనిషి చేతిలో, ఇంకొన్ని వారాలైతే చక్రమే విరిగేది. ఎర్రయ్య చెయ్యి చాపి ఆ ముక్క తీసుకున్నాడు. అదుగో సూసినావా అంటాడని ఆవిడ పళ్ళు బిగపట్టింది. అనలేదు. బొటనవేలి గోటితో మర మర వెంట గీసి చూసుకుంటూ పోయి, మర అరగలేదని, కడ్డీ చిట్లలేదని, కడిగితే బతుకుతాదని చెప్పాడు.

కడగడం ఆవిడకి ఒకరు చెప్పాలా? కిరసనాయిలు బకెట్టు ముందు పెట్టుకుని, పాత బ్రష్షుతో తుప్పంతా వదలగొట్టి, ఇత్తడి తళతళలాడేదాకా తోమింది. రెండో వైపూ అంతే. తర్వాత టోటో ఎక్కి చౌరంగీ దగ్గర లారీ సామాన్ల దుకాణానికి వెళ్ళి నూనె తెచ్చింది. ఆ కంపు గేరు నూనెదేనని తెలుసు గానీ, మొండితనం ఒక్కసారిగా చచ్చిపోదు కదా, ఇంజను నూనె ఒక డబ్బా, గేరు నూనెలో తొంభై నంబరు ఒకటి, ఇంకా చిక్కటిది ఒకటి, మూడూ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఎర్రయ్య మూడింటినీ చూసి ముచ్చటపడ్డాడు. ఎన్నేళ్ళయిందో ఆయన ముందు ఎవరైనా నూనెలు పెట్టి, ఏది మంచిదో చెప్పమని అడిగి. ఒక్కోటీ చుక్క తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అద్ది, మెల్లగా విడదీశాడు. ఇంజను నూనె తీగ సాగకుండానే తెగింది. ఇది నిలవదు, కారిపోతాదన్నాడు. చిక్కటిది సాగుతూనే ఉంది. ఇది ఎండాకాలం బాగుంటాది, సలికాలం దిగదన్నాడు. తొంభై నంబరు సన్నటి తీగలా సాగి, వేళ్ళు ఇంకొంచెం దూరం జరిగాక తెగింది. దాన్ని కడిగిన మర మీద ఒక చుక్క వేసి, కడ్డీ నిలబెట్టి చూడమన్నాడు. చుక్క మర వెంట మెట్టు మెట్టుగా దిగుతూ, దిగిన ప్రతిచోటా తడి వదులుతూ కింది దాకా వెళ్ళింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి దాన్నే చూశారు. యార్డులోనూ అంతేనట, ఎండాకాలం నూనె వేరు, చలికాలం నూనె వేరు. ఆ సంగతి ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు. ఎప్పుడూ అడగలేదు మరి.

అంతా బిగించాక చిక్కొచ్చింది. మూతి పొడుగు డబ్బాతో పోస్తే నూనె బయటే కారుతోంది. ఒత్తిడి పెట్టి కొడితే తప్ప నిపుల్ లోంచి లోపలికి పోదు. ఎర్రయ్య ఏం చేద్దామని ఆలోచిస్తుండగా సింహాచలమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళింది. దేవుడి పటం పక్కనున్న గన్ను తీసుకొచ్చింది. దాని కడుపు విప్పి, లోపలున్న గ్రీజంతా గీకి పారేసి, కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, తొంభై నంబరు నూనె పోసింది.

“అందులోనా?” అన్నాడు ఎర్రయ్య. నిజంగానే తెల్లబోయాడు.

“మరింకెందులో పొయ్యమంటావు మావా” అంది, తల ఎత్తకుండా.

ఆవిడ కొడుతూ ఉంటే ఆయన పైన కడ్డీ మొదట్లో కళ్ళు పెట్టి కూర్చున్నాడు. అక్కడ నూనె మెరవగానే చాలన్నాడు. రెండో వైపూ అలాగే. షెడ్డంతా కుళ్ళిన గుడ్డు కంపు. విల్‌ఫ్రెడ్ గారు లోపలికి వచ్చి, గట్టిగా ఊపిరి పీల్చి, ఇదే, ఇదే వాసన అని పిల్లాడిలా సంబరపడ్డారు. స్టీరింగ్ తిప్పి వదిలేస్తే, అటు చివర దాకా వెళ్ళిన చక్రం మెత్తగా సగం వెనక్కి వచ్చింది.

సోమవారం పొద్దున్న విల్‌ఫ్రెడ్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ బండి తీసేసరికి ఎర్రయ్య వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు. ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, తల దువ్వుకున్నాడు. ఆవిడ అద్దంలో చూసి, దిగి వెళ్ళి ఎడమ తలుపు పైకెత్తి సరిగ్గా వేసి వచ్చింది. చౌరంగీ దగ్గర లారీలు రెండు పక్కల నుంచీ దూసుకొస్తుంటే, వాటి మధ్య నుంచి హెరాల్డు పాత రోజుల్లోలాగే ఒక్క తిప్పుతో మలుపు తిరిగింది. ఆవిడకి గట్టిగా అరవాలనిపించింది. వయసుకి తగదని ఊరుకుంది.

ఇన్‌స్పెక్టరు బెంగాలీ కుర్రాయన, పని తెలిసిన మనిషి. తొందరపడలేదు. బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, ముందుభాగం మొత్తం ముందుకి వాలుతుంటే అబ్బురంగా చూశాడు. వెనక సీట్లో ఎర్రయ్యని ఉండనిచ్చి, తానే ఎక్కి మైదానంలో ఒక చుట్టు తిప్పాడు. అంత చిన్న చుట్టులో బండి తిరిగి వచ్చేసరికి నమ్మలేక ఇంకోసారి తిప్పాడు. దిగి వంగి చూసి, ముందు చక్రాల దగ్గర నేల మీద పడిన చుక్కలు చూపించి, ఇదేమిటని అడిగాడు. సింహాచలమ్మ తడుముకోకుండా వచ్చిన బెంగాలీలో చెప్పింది, ఈ బండికి అది కారడం కాదు, ఒంట్లో బాగుందని గుర్తు, ఎండిపోతేనే భయపడాలని. ఆయన కింద కూర్చుని, చక్రం ఊపి, కడ్డీ దగ్గర వేలు పెట్టి, నూనె ముట్టుకుని వాసన చూశాడు. తల ఊపి, కాగితం మీద సంతకం చేశాడు. విల్‌ఫ్రెడ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

కాగితం ఇస్తూ ఇన్‌స్పెక్టరు, ఈ రోజుల్లో ఈ బండిని ఇలా ఉంచిన చెయ్యి ఎవరిదో తెలుసుకోవాలనుందన్నాడు.

“మిస్త్రీ కే?”

ఆ ప్రశ్న కోసమే సింహాచలమ్మ పుట్టింది. నేనే అని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. వెనక సీటు కిటికీలోంచి ఎర్రయ్య ఎటో చూస్తున్నాడు, ఆ ప్రశ్నతో తనకేమీ సంబంధం లేనట్టు. ఆయన ఖలాసీగా చేరి ఖలాసీగానే దిగిన మనిషి. నూనె పోసేవాళ్ళకి అంతకంటే పై మెట్టు లేదు. యార్డులో అందరూ తేల్‌వాలా, నూనెవాడు, అని పిలిచారు, గేటు దగ్గర కూర్చోబెట్టాక ఏ పేరూ పెట్టి పిలవలేదు. ఈవిడ కూడా అంతే, ఇన్నేళ్ళూ కారుడు జబ్బు అనే వెక్కిరించింది. ఇన్‌స్పెక్టరు జవాబు కోసం చూస్తున్నాడు. ఆవిడ వెళ్ళి వెనక తలుపు తెరిచి, మామ చెయ్యి పట్టుకుని దించి, నిలబెట్టింది.

“ఉని. నిమ్‌పురార్ తేల్ మిస్త్రీ. ఆమార్ మామా.” ఈయనే, నిమ్‌పురా నూనె మిస్త్రీ, మా మామ అని చెప్పింది.

ఇన్‌స్పెక్టరు రెండు చేతులూ జోడించి, గారు అన్నట్టు మశాయ్ తగిలించి, నమస్కార్ మిస్త్రీమశాయ్ అన్నాడు. ఎర్రయ్యకి బెంగాలీ బాగానే వచ్చు, ప్రతి మాటా అర్థమైంది. కర్ర ఎడమ చేతిలోకి మార్చుకుని, నిటారుగా నిలబడి, నమస్కారం తిరిగి పెట్టాడు. కోడలు ఏమన్నా కాదని అనడమే అలవాటైన మనిషి, ఆ ఒక్క మాటనీ కాదనలేదు.